అమెరికాలో కంపారటివ్ బయోమెడికల్ పీహెచ్‌డీకి అప్లై చేసే ముందు

పశువైద్యంలో బీవీఎస్సీ, ఎంవీఎస్సీ చేసినవాళ్లకు ఇది కంపారటివ్ బయోమెడికల్ (జంతువుల, మనుషుల జబ్బులను పోల్చి చూసే పరిశోధన) పీహెచ్‌డీ అప్లికేషన్ల సీజన్. చాలా గడువులు డిసెంబర్‌లోనే. సబ్మిట్ నొక్కేముందు ఇవి చూసుకోండి.

జీతం ఏ ఖాతా నుంచి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఇచ్చే టీ32 ట్రైనింగ్ గ్రాంట్లు (విద్యార్థుల శిక్షణకు యూనివర్సిటీలకిచ్చే నిధులు) అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనకు ప్రొఫెసర్ గ్రాంటో, టీచింగ్ అసిస్టెంట్‌షిప్పో కావాలి. ప్రోగ్రామ్ పేజీలో "పూర్తి ఫండింగ్" అని చూసి నిశ్చింతగా ఉండిపోవద్దు. సీటొచ్చాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ల్యాబ్ రొటేషన్లు (గైడ్‌ను ఎంచుకునేముందు కొన్ని ల్యాబుల్లో కొన్నాళ్లు చొప్పున పనిచేసి చూడటం) ఉన్నాయా, నేరుగా గైడ్ దగ్గర చేరాలా? రెండో రకమైతే ముందే ప్రొఫెసర్‌కు మెయిల్ రాయాలి. ఆయన ఊ అనకపోతే మంచి మార్కులున్నా ఫైల్ కదలదు.

పీహెచ్‌డీ వచ్చినా అక్కడ పశువైద్యం ప్రాక్టీస్ చేయడానికి లైసెన్సు రాదు. దానికి విదేశీ పశువైద్య డిగ్రీని అక్కడి డిగ్రీతో సమానమని తేల్చే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ ప్రోగ్రామ్, దాంతోపాటు లైసెన్సు కోసం నావ్లీ పరీక్ష కావాలి. ఇంట్లోవాళ్లకూ ఇది చెప్పి ఉంచండి.

టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, తేదీ చూడండి.

ఓజీపీఏను (డిగ్రీ మొత్తానికి వచ్చిన సగటు గ్రేడ్ పాయింట్లను) మీరే నాలుగు పాయింట్లకు మార్చకండి. ఉన్నది ఉన్నట్టు, పదికి ఎంతో రాయండి.

ఎస్ఓపీలో (ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో) "జంతువులంటే ప్రేమ" సరిపోదు. కుక్కల్లో వచ్చే ఎముక క్యాన్సర్ పిల్లల్లో వచ్చేదాన్ని బాగా పోలి ఉంటుంది. అలాంటి ఒక ప్రశ్న పట్టుకుని, మీరు చేసిన కేసుతో ముడిపెట్టండి. కమిటీ వెతికేది అదే.