నలుగురు కలిసి ఉండే వాటాలో ప్రతి పనికీ ఒక పేరు

విశాఖపట్నంలో పెదవాల్తేరు, మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వీధుల్లో టు లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగే విద్యార్థులు ఏటా కనిపిస్తారు. ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది పార్వతీపురం, ఇంకొకరిది పాడేరు. సీటు వచ్చింది, హాస్టల్లో గది దొరకలేదు. నలుగురు కలిసి రెండు గదుల వాటా తీసుకుంటారు. మొదటి నెల పండగలా గడుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు అన్నం సగం ఉడికాక గ్యాస్ బండ అయిపోతుంది. బుక్ చేయాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు.

ఎమ్మెస్సీలో చేరినప్పటి నుంచి ఇప్పటి పరిశోధన దాకా నేను ఇలాంటి వాటాల్లోనే ఉంటున్నాను. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం గ్యాస్ బండ, మంచినీళ్ల క్యాను, మోటారు, చెత్తబుట్ట దగ్గరే పుట్టాయి. అందరిదీ అనుకున్న పని ఎవరూ చేయరు. అందుకే ఇంట్లో దిగిన మొదటి ఆదివారమే ఒక కాగితం మీద ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు రాసి వంటింటి తలుపుకు అంటించండి. వంతులు నెలకోసారి మార్చుకుంటే చాలు. వారానికోసారి మారిస్తే ఈ వారం ఎవరి వంతన్నదే కొత్త వాదన అవుతుంది.

పనులు పంచేటప్పుడు అలవాట్లు చూడండి. తెల్లవారుజామునే లేచేవాళ్లకు మోటారు వేసే పని, పొద్దుపోయేదాకా మేల్కొని ఉండేవాళ్లకు రాత్రి తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి కట్టిపెట్టే పని ఇవ్వండి. బకెట్లు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగడం కూడా కాగితం మీద ఉండాలి. డెంగీ దోమ ఎక్కువగా నిల్వ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు.

ఇక డబ్బు. అద్దె ఒప్పందం మామూలుగా 11 నెలలకు రాస్తారు.  అందులో నలుగురి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరే ఉంటే ఇంటివాళ్లు అడిగే ప్రతి మాటకూ ఆ ఒక్కరే జవాబు చెప్పుకోవాలి. అడ్వాన్సులో ఎవరి వాటా ఎంతో విడిగా రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య సంతకాలేమిటని కొందరు నొచ్చుకుంటారు. అయినా పెట్టించండి.

కరెంటు బిల్లును తలకింత అని పంచడం అన్ని ఇళ్లకూ సరిపోదు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1.90 రూపాయలైతే, 226 నుంచి 400 యూనిట్ల మధ్య 8.75 రూపాయలు. ఒక్క గదిలోనే ఏసీ ఉంటే బిల్లును పై శ్లాబులోకి ఎక్కించేది అదే. మే నెల ఉక్కపోతలో ఏసీ వద్దని నేను అనను. ఆ గదికి సబ్ మీటర్ పెట్టించి, అది చూపే యూనిట్లకు ఆ నెల తగిలిన పై శ్లాబు ధర ఆ గదివాళ్లే కట్టాలి. మిగిలింది నలుగురూ సమానంగా కట్టండి.

వంటింటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి నుంచి ఆవకాయ జాడీ వచ్చిందంటే అందరూ రుచి చూస్తారు, అది ముచ్చటే. అయితే జాడీ మూత తీయాల్సింది తెచ్చినవాళ్లు మాత్రమే, పొడి గరిటెతో. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి బల్ల మీద పెడితే, ఎవరు ఎలా వడ్డించుకున్నా జాడీకి భయం లేదు. ఈ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. తడి గరిటె తగిలితే కొన్నాళ్లకే జాడీ అంచున తెల్లగా బూజు కడుతుంది. అమ్మ ఒక్కొక్క ముక్కా తుడిచి పెట్టిన పచ్చడిని పారబోయాల్సి వస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

మాలో ఒకమ్మాయి గుడ్డు కూడా తినదు. ఇంకొకమ్మాయికి ఆదివారం చేపల పులుసు ఉండాల్సిందే. ఇద్దరికీ ఒకటే పొయ్యి. చేపలకు వేరే దాక, వేరే గరిటె, గిన్నెలు తోమే పీచు కూడా వేరే. అన్నీ గట్టు కింది అరలో ఉంటాయి. పులుసు పెట్టే అమ్మాయి శనివారమే చెబుతుంది, తినని అమ్మాయి పొద్దున్నే తన వంట ముగించుకుంటుంది. చేపలను మార్కెట్లోనే శుభ్రం చేయించి తెస్తారు. కడిగిన నీళ్లు సింకులో పోయరు, పెరట్లో మొక్కల మొదళ్లలో పోస్తారు. వంట కాగానే గట్టును శనగపిండితో రుద్ది కడిగితే నీచు వాసన చాలావరకు పోతుంది.

పరీక్షల రోజుల్లో రాత్రి పది దాటాక ఫోను మాటలు డాబా మీదే. చదివేవాళ్లు గదిలో పెద్ద లైటు ఆపి టేబుల్ ల్యాంపు పెట్టుకోవాలి.

ప్రతి ఇంట్లోనూ అందరినీ ‘అక్కా’ అని పిలిచే చిన్న పిల్ల ఒకతె ఉంటుంది. ఏం చెప్పినా కాదనలేదు కాబట్టి పాల ప్యాకెట్టు నుంచి ఎంగిలి గిన్నెల దాకా అన్నీ ఆమె మీద పడతాయి. ఇది అన్యాయం. పెద్దవాళ్లుగా మనమే గమనించి ఆపాలి.

ఏదైనా నచ్చకపోతే ఆ రోజే చెప్పండి, ఆ మనిషికే చెప్పండి. వాట్సాప్ గ్రూపులో పెడితే నలుగురిలో నిలబెట్టి అడిగినట్టవుతుంది. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అంటే గొడవ. ‘రాత్రి గిన్నెలు అలాగే ఉండిపోయాయి, పొద్దున టీ పెట్టుకోవడానికి గిన్నె దొరకలేదు’ అంటే చాలు. ఇంటి యజమాని దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. మీ తగాదా తీర్చడం ఆయన పని కాదు, విన్నాక మిమ్మల్నే ఖాళీ చేయమనవచ్చు.

తలుపు మీది కాగితంలోనే నలుగురి ఇళ్ల ఫోను నంబర్లు, ఎవరికి ఏ మందు పడదో రాసి ఉంచండి. అర్ధరాత్రి జ్వరం ముదిరితే 108కి ఫోను చేసేవాళ్లు ఒకరు, కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తోడు వెళ్లేవాళ్లు ఒకరు అని ముందే అనుకోండి.

మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే నెల ముందు చెప్పాలి. వాళ్ల అడ్వాన్సు వాటాను కొత్తగా చేరేవాళ్లే చెల్లించాలి, ఒప్పందంలో పేరు మార్పించాలి. వెళ్లే రోజున మీటర్ రీడింగ్‌ను ఫోటో తీసుకుని, అప్పటిదాకా అయిన కరెంటు లెక్క తేల్చుకున్నాకే తాళంచెవి తీసుకోండి.