పరీక్షలు లేని సాఫ్ట్‌వేర్‌లో ముందుగా దేన్ని పరీక్షించాలి?

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక్క పరీక్ష (ప్రోగ్రామ్ సరైన ఫలితమే ఇస్తోందో లేదో సరిచూసే చిన్న కోడ్) కూడా లేదనుకుందాం. ఏ భాగంలో తప్పు జరిగితే రైతు డబ్బు పోతుందో, ఆ తప్పు ఎంతకాలం ఎవరి కంటా పడకుండా ఉండగలదో ముందుగా చూడాలి. లాగిన్ ఆగిపోతే నిమిషాల్లో ఫోన్ వస్తుంది. అదే తూకంలోంచి తరుగు తీసివేసి, క్వింటాలు ధరతో హెచ్చవేసి, హమాలీ వగైరా ఖర్చులు మినహాయించే లెక్కలో పైసల సవరింపు (రౌండింగ్) తప్పుగా జరిగితే నెలల తరబడి బయటపడదు. కనుక అక్కడే మొదలుపెట్టాలి.

పాత బిల్లులు కొన్ని తీసుకుని, ప్రోగ్రామ్ ఇప్పుడు ఇస్తున్న మొత్తాన్నే యథాతథంగా పరీక్షగా రాసుకోవాలి. అది సరైనదో కాదో గుమాస్తాతో కూర్చుని తర్వాత తేల్చుకోవచ్చు. 43.5 కిలోల టిక్కీ (మిర్చి బస్తా), సున్నా తూకం వంటి, లెక్క తడబడే సందర్భాలను వదలకూడదు. ఆపైన గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) చరిత్రలో తరచూ మారుతున్న ఫైళ్ల వంతు. ఏళ్లుగా ఎవరూ ముట్టని రిపోర్టు పేజీని, దాని కోడ్ ఎంత గజిబిజిగా ఉన్నా, ప్రస్తుతానికి వదిలేయడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం.