పులుసు మర్నాడు సింకు మొరాయించింది
నెల్లూరు వాళ్లం కదా, ఆదివారమంటే మా ఇంట్లో చేపల పులుసే. సోమవారం పొద్దున చూస్తే సింకులో నీళ్లు కదలడం లేదు. ముందు వంటసోడా, వెనిగర్ పోశాను. బుసబుసా పొంగింది, అంతే! వచ్చేది గాలి బుడగలే, గడ్డకట్టిన జిడ్డును అవేం కరిగిస్తాయి?

అమ్మ మరిగే నీళ్లు తెచ్చింది. వద్దన్నాను. 60 డిగ్రీలు దాటిన వేడికి పీవీసీ పైపు తట్టుకోదు.

చివరికి కింద బకెట్ పెట్టి, పైపు వంపు దగ్గరి మరను చేత్తోనే తిప్పి విప్పాను. అబ్బ, ఆ వాసన! చింతపండు పిప్పి, పొలుసులు, తెల్లగా పేరుకున్న నూనె. పాత టూత్‌బ్రష్‌తో తోమి, వాషరు సరిగ్గా కూర్చోబెట్టి బిగించాను. వేడి సబ్బునీళ్లు పోస్తే గుడగుడమంటూ దిగిపోయాయి.

ఇప్పుడు పులుసు గిన్నెను పాత పేపరుతో తుడిచాకే సింకులో వేస్తున్నాం.