ముందు ఫొటో తీశారా?

మున్సిపల్ ఉద్యోగం నుంచి రిటైరై విశాఖ ఎం.వి.పి. కాలనీలో కూర్చున్నా నన్ను వదలరు. ఊళ్లో చేసిన మంచి పనులకిచ్చే అవార్డు నోటిఫికేషన్ పడిందంటే చాలు, ఎవరో ఒకరు ఫైలు చంకన పెట్టుకుని దిగుతారు. "గురువుగారూ, కాస్త చూసిపెట్టండి, ఎల్లుండే ఆఖరు." నేను ముందుగా అడిగేది ఒకటే: పని మొదలెట్టకముందు ఫొటో తీశారా? నూటికి తొంభైమంది నీళ్లు నములుతారు.

నేనూ నమిలినవాణ్నే. అవార్డు కోసం రాసి పంపే ఫైలునే ఎంట్రీ అంటాం; నా మొదటి ఎంట్రీ నలభై పేజీలు. రిబ్బన్ కత్తిరింపులు, పేపరు కటింగులు, ర్యాలీలో పిల్లలు. బుట్టదాఖలైంది. జ్యూరీలో ఉన్న పెద్దాయన ఒకరు తర్వాత టీ దగ్గర కలిసి, "ఎంతమంది వచ్చారో రాశారు గానీ, ఏం మారిందో రాయలేదండీ" అన్నారు. ఆ ముక్క బుర్రకెక్కడానికి నాకు ఇంకో ఎంట్రీ పట్టింది.

మనకి తెలిసిన ఉదాహరణే చెబుతాను. మా ఊరి ముడసర్లోవ రిజర్వాయరులో 2018లో నీటి మీద తేలే సోలార్ పలకలు పెట్టారు, 2 మెగావాట్లు. ఆ పలకలు పెట్టడం, అది చేసిన పని. నెలకి ఎన్ని యూనిట్లు వచ్చాయి, కరెంటు బిల్లు ఎంత తగ్గింది, అది ఫలితం. మార్కులు రెండోదానికి పడతాయి. మీ ఎంట్రీలో "ఏర్పాటు చేశాం, నిర్వహించాం, పంపిణీ చేశాం" అన్న మాటల కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకుంటూ వెళ్లండి. ప్రతి గీత పక్కనా "అయితే?" అని రాయండి. జవాబు లేని వాక్యం కొట్టేయండి.

రాసేముందు మార్కుల పట్టిక చదవాలి. పోయినేడాదిది కాదు, ఈ ఏడాదిది. స్వచ్ఛ సర్వేక్షణ్‌నే చూడండి. కేంద్రం ఊళ్ల శుభ్రతకి మార్కులేసి ర్యాంకులిచ్చే ఈ పోటీలో 2017లో మొత్తం 2000 మార్కులు: కాగితాలకు 900, జనం మాటకు 600, స్వయంగా వచ్చి చూసేదానికి 500. 2019కల్లా 5000 అయ్యాయి, సర్టిఫికేషన్ అని కొత్త భాగమొకటి చేరి 1250 పట్టుకుపోయింది. విశాఖ 2017లో మూడో స్థానం, 2019లో 23, మళ్లీ 2020లో తొమ్మిది. ఊరు అంత వేగంగా పాడై అంత వేగంగా బాగుపడిందంటే నేను నమ్మను. పరీక్ష మారితే చదువూ మారాలి.

పని ఎంపికలో మాత్రం పెద్దవాటి జోలికి పోవద్దనే చెబుతాను. "నగర సమగ్రాభివృద్ధి" అని మొదలెట్టిన ఎంట్రీని నేనైతే రెండో పేజీ తిప్పను. ఒకసారి ఒక వీధి మలుపులో చెత్తకుప్ప పోగొట్టిన కథ రాయాల్సొచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఇచ్చిన నోట్‌లో "ప్రజల్లో అవగాహన పెంచాం" అని ఉంది. నాకు రుచించలేదు. పొద్దున్న ఐదున్నరకి, పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేయించుకునే మస్టరు దగ్గరికి పోయి, ఆ వీధి తుడిచే ఆవిణ్ని అడిగాను. "అవగాహనేటి బాబూ! రాత్రి బండి మూసేసేక టిఫినోలు అక్కడే పారబోసీవోరు. పదింటికి ఇంకోపాలి సెత్తబండి తిప్పమని మేస్త్రీకి నేనే సెప్పేను" అంది. అంతే, ఎంట్రీకి ప్రాణం వచ్చింది. కారణం, మార్పు, ఎవరి ఆలోచన, అన్నీ ఆ రెండు ముక్కల్లో ఉన్నాయి. ఆవిడ మాట ఆవిడ యాసలోనే పెట్టాం.

రుజువులంటే కట్టలు కాదు. తూకం చీటీలు, బండి లాగ్‌బుక్ పేజీ, కౌన్సిల్ తీర్మానం కాపీ, తేదీ పడిన ఫొటోలు చాలు. ముందూ తర్వాతా ఒకే చోట నిలబడి, ఒకే వేళకి తీసినవై ఉండాలి. ఒకాయన "ముందు" అని హుద్‌హుద్ తుపాను మర్నాడు, అంటే 2014 అక్టోబరు 13న తీసిన రోడ్డు ఫొటో పెట్టాడు. దానితో పోలిస్తే ఏ రోడ్డయినా అందంగానే ఉంటుంది నాయనా అని తీయించేశాను.

కుదరనిది కూడా ఒక పేరా రాయండి. మేం తడి చెత్త బుట్టలిస్తే కొన్ని ఇళ్లలో బియ్యం పోసుకున్నారు. రాశాం. చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా ఆ బుట్టల గురించే నవ్వుతూ అడిగారు, ఆ తర్వాత మిగతా అంకెలు పెద్దగా తవ్వలేదు.

ఇక "ముందు ఫొటో" లేనివాళ్ల సంగతి. వార్డు సచివాలయం ఫిర్యాదుల రిజిస్టరు చూడండి. కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో పైకి వెళ్లండి. మొన్న వచ్చిన కుర్రాడు మా అరుగు మీద కూర్చుని గంటసేపు వెతికాడు. దొరికింది: వాళ్ల ఆఫీసుని తిడుతూ ఎవరో పెట్టిన చెత్తకుప్ప ఫొటో, తేదీతో సహా. ఆ తిట్టు కత్తిరించాలా సార్ అని అడిగాడు. ఉంచమన్నాను.