ఒక గ్యాస్ సిలిండర్ అయిపోయేసరికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? లెక్క ఇలా కట్టండి

తుల్య సమీకరణం (రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోయిన రసాయన సమీకరణం) ఇచ్చి క్రియాజన్యం, అంటే చర్యలో ఏర్పడే పదార్థం, ద్రవ్యరాశి కనుక్కోమంటే చాలామంది గుణకాలను, అంటే పదార్థాల ముందుండే అంకెలను, నేరుగా గ్రాములకు తగిలించేస్తారు. లెక్క తప్పేది అక్కడే. గుణకాలు చెప్పేది అణువుల లెక్క, అంటే మోల్స్ లెక్క, బరువు కాదు. డజను అంటే పన్నెండు అన్నట్టే, మోల్ అంటే అణువుల ఒక స్థిరమైన పెద్ద సంఖ్య.

మన వంటింటి 14.2 కిలోల సిలిండర్‌నే తీసుకుందాం. అందులో బ్యూటేన్, ప్రొపేన్ కలిసి ఉంటాయి, ప్రస్తుతానికి అంతా బ్యూటేనే అనుకోండి.

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

ముందు బరువును మోల్స్‌లోకి మార్చాలి. బ్యూటేన్ అణువులో 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు ఉంటాయి కాబట్టి మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, (4 × 12) + (10 × 1) = 48 + 10 = 58 గ్రాములు. 14,200ని 58తో భాగిస్తే సుమారు 244.8 మోల్స్. కిలోలను గ్రాములు చేయడం మర్చిపోకండి, పరీక్ష టెన్షన్‌లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

ఇప్పుడు గుణకాల పని. 2 మోల్స్ బ్యూటేన్‌కి 8 మోల్స్ కార్బన్ డయాక్సైడ్, అంటే నాలుగు రెట్లు: సుమారు 979.3 మోల్స్. దాన్ని కార్బన్ డయాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 44తో గుణిస్తే దాదాపు 43.1 కిలోలు. అదే 14.2ని నేరుగా నాలుగుతో గుణించి ఉంటే 56.8 కిలోలు వచ్చేది, శుద్ధ తప్పు.

14 కిలోల గ్యాస్ నుంచి 43 కిలోలు ఎలా వస్తాయని అనుమానం రావాలి, రావడం మంచిది కూడా. మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. ఇదే పద్ధతిలో చేస్తే ఆక్సిజన్ 50.9 కిలోలు, నీరు 22 కిలోలు వస్తాయి, అటు బ్యూటేన్, ఆక్సిజన్ కలిపి 65.1, ఇటు కార్బన్ డయాక్సైడ్, నీరు కలిపి 65.1. ఈ సరిచూసుకోవడం మాత్రం ఎప్పుడూ వదలకండి. సిలిండర్ నిండా ప్రొపేనే అనుకున్నా కార్బన్ డయాక్సైడ్ 42.6 కిలోలు వస్తుంది, పెద్ద తేడా లేదు.

ప్రశ్నలో ఆక్సిజన్ ఎంతుందో కూడా ఇస్తే, రెండిటితో విడివిడిగా లెక్కకట్టి తక్కువ వచ్చిన జవాబు తీసుకోండి, ముందు అయిపోయే పదార్థమే ఉత్పత్తిని ఆపేస్తుంది. పొయ్యి దగ్గర మాత్రం గాలి చాలకపోతే సమీకరణమే మారిపోతుంది, మసి, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తాయి. మంట పసుపు రంగులోకి తిరిగి గిన్నెల అడుగులు నల్లబడుతుంటే పై లెక్క అక్కడ వర్తించదు, ముందు కిటికీ తెరిచి, బర్నర్ శుభ్రం చేయించండి.