ఎగిరే వీడియోల రోగాలు, మందులు: వణికే ఫ్రేము నుంచి పసుపు డాలరు గుర్తు దాకా

నా యూట్యూబ్ చానల్ మొదలుపెట్టిన మొదటి ఏడాదంతా జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాశాను. వ్యూస్ రాకపోతే టైటిల్ మార్చాను. వీడియో వణికితే ఎడిటింగ్‌లో సరిచేయబోయాను. అసలు లోపం దాదాపు ప్రతిసారీ ఒక మెట్టు వెనకే ఉండేది. తెరమీద కనబడిన వణుకు ప్రొపెల్లర్ దగ్గర పుట్టింది, ఆదాయం పేజీలో కనబడిన సున్నా అప్‌లోడ్ రోజున నొక్కిన ఒక బటన్ దగ్గర పుట్టింది. అందుకే ఇక్కడ ప్రతి ఫిర్యాదునూ కనబడిన చోట పట్టుకుని, పుట్టిన చోటిదాకా వెనక్కి తీసుకెళ్తున్నాను. ఆర్‌సీ విమానాలు (రిమోట్‌తో ఎగరేసేవి), ఎఫ్‌పీవీ క్వాడ్‌లు (మీది కెమెరా పంపే బొమ్మను చూస్తూ ఎగరేసే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌లు) నా ఇలాకా. అసలు విమానం కాక్‌పిట్‌లో కూర్చుని తీసేవాళ్ళకి పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి.

ఫ్రేమంతా జెల్లీలా ఊగుతోంది

దీనికి జెల్లో అని పేరే ఉంది. మన చిన్న కెమెరాల సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా పట్టుకోదు, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. దీన్నే రోలింగ్ షట్టర్ అంటారు. పై వరస చదివి కింది వరసకు వచ్చేలోపు కెమెరా కదిలితే నిలువు స్తంభం పాములా కనిపిస్తుంది. కదిలించేది మోటారు వణుకు.

నిర్ధారించుకోవడం తేలిక. ఎత్తుకు తీసుకెళ్ళి, మోటారు ఆపి, పది సెకన్లు గ్లైడ్ చేయండి. ఆ పది సెకన్ల ముక్కలో వణుకు మాయమైతే దోషం ప్రొపెల్లర్‌దో మోటారుదో. గ్లైడ్‌లోనూ ఉంటే మౌంటు వదులుగా ఉందన్నమాట, గాలికి కొట్టుకుంటోంది. (క్వాడ్‌తో ఈ పరీక్ష చేయకండి. అది గ్లైడ్ కాదు, రాయిలా పడుతుంది.)

మందుకు వరస ఉంది. ముందు ప్రొపెల్లర్‌ను బ్యాలెన్సర్ మీద పెట్టి, బరువున్న రెక్క కిందికి దిగితే తేలిక రెక్కకు చిన్న టేపు ముక్క అంటించండి. అంచు చిట్లిన ప్రొపెల్లర్ ఉంటే బ్యాలెన్స్ చేస్తూ కూర్చోకండి, తీసి పారేయండి. తర్వాత మోటారు షాఫ్ట్ వంగిందేమో చూడండి. ఆ రెండూ అయ్యాకే కెమెరా కింద మెత్తటి ఫోమ్. చాలామంది ఫోమ్‌తోనే మొదలుపెడతారు. అది మరీ మెత్తనైతే కెమెరా ఇంకో కొత్త లయలో ఊగడం మొదలుపెడుతుంది, రోగం ముదిరిందనుకుంటారు.

ప్రొపెల్లర్ రెక్కలు కత్తుల్లా వంగి, విరిగి కనిపిస్తున్నాయి

ఇదీ రోలింగ్ షట్టర్ పుణ్యమే, కానీ వణుకుతో సంబంధం లేదు. లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. ఎండలో కెమెరా తనంతట తాను షట్టర్ వేగాన్ని 1/2000 సెకనుకు పెంచేస్తే, ఆ కాస్త సమయంలో రెక్క కదిలేది 7 డిగ్రీలే. అంటే ప్రతి వరసలోనూ రెక్క పదునుగా, కానీ వేరే వేరే చోట దొరుకుతుంది. అదే 1/60 అయితే రెక్క 240 డిగ్రీలు తిరుగుతుంది, రెండు రెక్కలూ కలిసి మెత్తటి చక్రంలా కరిగిపోతాయి. కంటికి కనిపించేదీ అదే కదా.

సమస్య ఏమిటంటే, ఈ కెమెరాల్లో చాలావాటికి ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) మారదు. ఎండలో 1/60 పెడితే తెర తెల్లబడిపోతుంది. కాబట్టి లెన్స్‌కు నల్ల కళ్ళద్దాల్లాంటి ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి. ఎన్‌డీ16 వెలుతురును పదహారో వంతుకు తగ్గిస్తుంది, 1/1000 కావలసిన చోట 1/60 సరిపోతుంది. ఒక్క మినహాయింపు: ఎఫ్‌పీవీ వీడియోను తర్వాత జైరోఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్‌తో స్థిరపరచాలనుకుంటే షట్టర్‌ను మరీ తగ్గించకండి. కదలిక వల్ల వచ్చిన మసక ఫ్రేములో అచ్చుపడిపోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తుడవలేదు. కదలని బొమ్మ మీద వణికే మసక మిగులుతుంది, చూడ్డానికి ఇంకా ఘోరం.

విమానం ఆకాశంలో చుక్కలా ఉంది

టోపీకి కెమెరా పెట్టుకుని వైడ్‌లో తీస్తే అంతే. ఫీల్డ్ ఆఫ్ వ్యూను (కెమెరా చూసే వెడల్పును) అన్నిటికన్నా సన్నటిదానికి మార్చండి, 4కెలో తీసి ఎడిటింగ్‌లో కోసుకోండి. ఇంకా మంచిది, కెమెరా పట్టుకోవడానికి ఒక మనిషిని పిలుచుకోండి. ట్రాన్స్‌మిటర్ మీదా ఫోకస్ మీదా ఒకేసారి మనసు పెట్టబోయి నేను రెండు విమానాలు పోగొట్టుకున్నాను.

కాక్‌పిట్‌లో డ్యాష్‌బోర్డే ఊగుతోంది, తెరలు నల్లగా కనిపిస్తున్నాయి

రెండు వేరే కారణాలు. కెమెరాలో వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ తన జైరోను, అంటే కదలికను కొలిచే సెన్సర్‌ను, నమ్ముతుంది. విమానం కుదిపితే అది బయటి ప్రపంచాన్ని నిలబెట్టబోతుంది, దాంతో లోపలి సీట్లూ డ్యాష్‌బోర్డూ ఊగినట్టు వస్తాయి. లోపల తీసేటప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి, మౌంటును గట్టిగా బిగించండి. ఇక తెరలు నల్లబడటం, కిటికీ అద్దంలో ఇంద్రధనస్సు రంగులు రావడం పోలరైజింగ్ ఫిల్టర్ పని. కాక్‌పిట్‌లో దాన్ని తీసేయండి. అద్దంలో మీ తెల్లచొక్కా మెరుస్తుంటే నల్లచొక్కా వేసుకోవడమే మందు. వాక్యూమ్ కప్పును మాత్రం ఎప్పుడూ ఒంటరిగా నమ్మకండి, దానికి రెండో తాడు ఉండాలి. బయట బిగించాలంటే మీ దేశపు విమానయాన నియమాలు తెలిసిన ఇంజనీరును అడగకుండా చేయొద్దు.

బొమ్మ బాగుంది, శబ్దం భరించలేకున్నాం

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన రోగం ఇదే, అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేదీ ఇదే. ప్రేక్షకుడు మసక బొమ్మను క్షమిస్తాడు, గాలి హోరును క్షమించడు.

గాలి నేరుగా మైకు రేకును కొట్టినప్పుడు సిగ్నల్ పైహద్దు దాటి తెగిపోతుంది. తెగిన ముక్కను తిరిగి అతికించే విద్య లేదు. కాబట్టి పరిష్కారమంతా తీసేటప్పుడే. నేల మీద మాట్లాడే మైకుకు బొచ్చు తొడుగు వేయండి, నురుగు తొడుగు ఆరుబయట చాలదు. విమానం మీది కెమెరా శబ్దాన్ని పూర్తిగా వదిలేసి, మోటారు శబ్దాన్ని నేల మీద నుంచి విడిగా రికార్డు చేసి కలపండి.

అసలు విమానంలో తీసేవాళ్ళు కెమెరా మైకును మరిచిపోవచ్చు. ఒక చిన్న కాలరు మైకును హెడ్‌సెట్ చెవి గిన్నెలోకి దూర్చి రికార్డర్‌కు కలిపితే మీ గొంతూ రేడియో మాటా రెండూ శుభ్రంగా వస్తాయి. ఇంటర్‌కామ్ నుంచి కేబుల్ లాగేవాళ్ళు సిగ్నల్‌ను తగ్గించే కేబుల్ వాడాలి, లేకపోతే శబ్దం పగిలిపోతుంది. మొదలుపెట్టే ముందు కెమెరా ఎదుట ఒక్కసారి చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండు ఫైళ్ళూ కలిసిపోతాయి. ఒక జాగ్రత్త: కంట్రోల్ టవర్ మాటలను బయటపెట్టడం కొన్ని దేశాల్లో, ఉదాహరణకు బ్రిటన్‌లో, చట్టానికి విరుద్ధం.

కూలిపోయాక ఫైలు తెరుచుకోవడం లేదు

రికార్డింగ్ ఆపకముందే బ్యాటరీ ఊడిపోతే ఫైలు చివర రాయాల్సిన సూచిక రాయబడదు. కార్డును కంప్యూటర్‌లో పెట్టి గెలక్కుండా, అదే కెమెరాలో మళ్ళీ పెట్టి ఆన్ చేయండి. కొన్ని కెమెరాలు తామే బాగుచేస్తాయి. కూలకుండానే రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంటే కార్డు నెమ్మదిదై ఉండొచ్చు. వీ30 గుర్తున్నది కొనండి.

జనం మొదటి నిమిషంలోనే వెళ్ళిపోతున్నారు

యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గీత తెరవండి, ఎంతమంది ఎక్కడిదాకా చూశారో అది చూపిస్తుంది. మొదట్లోనే కొండమీంచి దూకినట్టుంటే, కారణం ఎక్కువసార్లు మీ లోగో, "హాయ్ ఫ్రెండ్స్", బ్యాటరీ బిగించడం. మనకు ఎగరడానికి ముందు పూజలన్నీ ఇష్టమే, ప్రేక్షకుడు మాత్రం గాల్లోకి లేస్తుందా లేదా అని వచ్చాడు.

గీత మధ్యలో మెల్లగా జారుతుంటే రోగం వేరు. వీడియోలో ప్రశ్న లేదు. అందమైన చెరువు మీద ఎనిమిది నిమిషాలు తిరిగితే మనకు ధ్యానం, వాళ్ళకు స్క్రీన్‌సేవర్. "ఈ పాత బ్యాటరీతో ఆ గుట్టదాకా వెళ్ళి రాగలనా?" లాంటి చిన్న ప్రశ్న ఒకటి మొదట్లో పెట్టి, జవాబు చివర ఇవ్వండి. బ్యాటరీ వోల్టేజీ అంకె తెర మూలన తగ్గుతూ ఉంటే నేపథ్య సంగీతం కూడా అక్కర్లేదు.

వ్యూస్ లక్షల్లో ఉన్నాయి, మానిటైజేషన్ రాలేదు

షార్ట్స్‌తో పెరిగిన చానళ్ళ ఫిర్యాదు ఇది. యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. దానితో పాటు 12 నెలల్లో 4,000 గంటల చూపు, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. లోపం ఇక్కడే. షార్ట్స్ కిటికీ మాత్రమే అనుకుని, ప్రతి షార్ట్ నుంచి ఒక పెద్ద వీడియోకు లింకు ఇవ్వండి. 8 నిమిషాలు దాటితే మధ్యలో ప్రకటన పెట్టుకోవచ్చు, కానీ దానికోసం సాగదీస్తే పై గీత మళ్ళీ జారుతుంది.

కామెంట్లు మాయమయ్యాయి, ఆదాయం సగానికి పైగా పడిపోయింది

ఆర్‌సీ వాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు. విమానం బొమ్మలా ఉంది కదా అని అప్‌లోడ్‌లో "పిల్లల కోసం తీసింది" అన్నదాన్ని నొక్కి ఉంటారు, లేదా యూట్యూబే అలా అనుకుని ఉంటుంది. 2020 జనవరి నుంచి ఆ ముద్ర పడిన వీడియోలకు కామెంట్లు ఉండవు, చూసేవాడి అభిరుచిని బట్టి వచ్చే ప్రకటనలూ ఉండవు. పొరపాటున మీరే నొక్కి ఉంటే సెట్టింగ్ మార్చండి. మీ మాట పెద్దవాళ్ళను ఉద్దేశించే ఉండేలా చూసుకోండి: లిపో బ్యాటరీ, ఎక్స్‌పో, సెంటర్ ఆఫ్ గ్రావిటీ లాంటి సాంకేతిక సంగతులు. కార్టూన్ థంబ్‌నెయిల్ వద్దు.

పసుపు డాలరు గుర్తు

యూట్యూబ్ స్టూడియోలో వీడియో పక్కన ఈ గుర్తు పడితే పరిమిత ప్రకటనలు అని అర్థం. ఎగిరే చానళ్ళలో ఎక్కువగా కూలిన వీడియోలకే పడుతుంది, అందునా థంబ్‌నెయిల్‌లో మంటలూ టైటిల్‌లో చావు మాటా ఉంటే. సమీక్షకు ఒక్కసారే అవకాశం, కాబట్టి ముందు నిజంగా వీడియో మళ్ళీ చూసుకుని అడగండి.

కూలితే వ్యూస్ వస్తాయన్నది నిజమే, ప్రలోభమూ నిజమే. ట్రెవర్ జేకబ్ అనే అమెరికన్ యూట్యూబర్ 2021 నవంబరులో కాలిఫోర్నియాలో స్పాన్సర్ వీడియో కోసం తన విమానాన్ని గాల్లో వదిలేసి పారాచూట్‌తో దూకాడు. పైలట్ లైసెన్సు పోయింది, శకలాలను నాశనం చేసి దర్యాప్తుకు అడ్డుపడినందుకు 2023 డిసెంబరులో ఆరు నెలల జైలు పడింది.

మ్యూజిక్ మీద కాపీరైట్ క్లెయిమ్

క్లెయిమ్ వేరు, స్ట్రయిక్ వేరు. క్లెయిమ్ వస్తే ఆదాయం అవతలివాడికి పోవచ్చు, చానల్‌కు మచ్చ పడదు. స్ట్రయిక్ అంటే ఆ మచ్చే, 90 రోజుల్లో మూడైతే చానలే పోవచ్చు. ఎక్కువసార్లు క్లెయిమ్‌కు కారణం మైదానంలో ఎవరి కార్లోనో మోగుతున్న పాట. ఆ ముక్కకు శబ్దం ఆపేస్తే చాలు. హక్కు నిజంగా మీదైతే ఐదు రోజుల్లోపు అభ్యంతరం పెట్టండి, అప్పుడు మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయం తేలేదాకా పక్కన ఉంచుతారు.

"హాబీ కదా" అన్నారు, నోటీసు వచ్చింది

డబ్బు వచ్చిన క్షణం మీ ఎగరడం కొన్ని చట్టాల దృష్టిలో హాబీ కాదు. అమెరికాలో మానిటైజ్ చేసే వీడియో కోసం ఎగరేస్తే పార్ట్ 107 అనే డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు హాబీలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కానీ మానిటైజ్ చేస్తే అదీ కావాలి. ఐరోపా కూటమిలో 2020 డిసెంబరు 31 నుంచి డబ్బు కోసమా సరదాకా అన్న తేడానే లేదు, ప్రమాదాన్ని బట్టి వర్గాలు. మీ దేశం ఏ దారిలో ఉందో మొదటి రూపాయి రాకముందే చూసుకోండి, పాత వీడియోలే సాక్ష్యాలవుతాయి.

యూట్యూబ్ డ్యాష్‌బోర్డులో డబ్బు ఉంది, చేతికి రాలేదు

ముందు సీపీఎమ్ చూసి ఆశపడటం మానండి. అది ప్రకటనదారు వెయ్యి ప్రదర్శనలకు ఇచ్చేది. పెద్ద వీడియోల ప్రకటనల్లో మీ వాటా 55 శాతం, షార్ట్స్‌లో 45. వెయ్యి వ్యూస్‌కు మీకు మిగిలేది ఆర్‌పీఎమ్‌లో ఉంటుంది.

తర్వాత యాడ్‌సెన్స్, అంటే గూగుల్ మీకు డబ్బు పంపే ఖాతా. 10 డాలర్లు చేరాక చిరునామా సరిచూడటానికి పోస్టులో పిన్ వస్తుంది. 100 డాలర్లు చేరకపోతే చెల్లింపు కదలదు. పన్ను ఫారం నింపకపోతే కోత ఎక్కువ పడుతుంది. ఈ మూడూ సరిగ్గానే ఉండి ఖాతా ఆగిపోయిందంటే, బంధువులనూ స్నేహితులనూ ప్రకటనలు నొక్కమని అడిగారేమో గుర్తు తెచ్చుకోండి. ఆ నొక్కుళ్ళను యాడ్‌సెన్స్ చెల్లని ట్రాఫిక్ కింద లెక్కేస్తుంది, ఒకసారి మూసిన ఖాతాను తెరిపించుకోవడం కూలిన విమానాన్ని అతికించడంకన్నా కష్టం.