వినడం నేర్చుకుందాం – 5వ పాఠం: కీబోర్డు వెనకాల గిటారు

పోయిన పాఠంలో పాదంతో నాలుగు లెక్కపెడుతూ, రెండు, నాలుగు దగ్గర పడే స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) దెబ్బను పట్టుకున్నాం. ఇంకా కుదరకపోతే టెన్షన్ పడకండి. అదే లెక్క ఈ పాఠంలోనూ నడుస్తుంది.

ఇవాళ్టి పని కలిసి మోగుతున్న కీబోర్డునూ గిటారునూ విడదీసి వినడం. దీనికి స్వీడన్ బ్యాండు ‘యూరప్’ 1986లో తెచ్చిన ‘ది ఫైనల్ కౌంట్‌డౌన్’ ఆల్బమ్ తీసుకుందాం. మొత్తం పది పాటలు. దీన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెబుతాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకరులో అడుగు పొరలు వినిపించవు. ఆల్బమ్ పేరున్న మొదటి పాట పెట్టండి. బాకాలు ఊదినట్టుండే ఆ ట్యూన్‌లో నిజంగా బాకా ఒక్కటీ లేదు, అది సింథసైజర్, అంటే కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డు. కీబోర్డు వాయించే మిక్ మైకేలి దగ్గర కోర్గ్ పాలీసిక్స్ అనే సింథసైజర్ అరువు తెచ్చుకుని, గాయకుడు జోయి టెంపెస్ట్ ఆ ట్యూన్ కట్టి అప్పటికి కొన్నేళ్లయింది. రికార్డింగులో రోలాండ్, యమహా కంపెనీల సింథసైజర్ల శబ్దాలను ఒకదానిమీద ఒకటి పేర్చారు. అంత దిట్టంగా ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు అసలు కష్టం. ఆ ట్యూన్‌ని కావాలని వదిలేయండి. పాడటం మొదలయ్యాక గొంతు కింద గుర్రం దౌడు తీస్తున్నట్టు ఒక నడక వినిపిస్తుంది. అక్కడ చెవి పెట్టండి. తీగ మీద అరచెయ్యి ఆనించి మీటితే వచ్చే పొడిపొడి శబ్దం గిటారుది. కీబోర్డు బాకా స్వరం మీట నొక్కి ఉన్నంతసేపూ ఒకే బలంతో నిలుస్తుంది, వదలగానే ఆగుతుంది. గిటారులో మాత్రం గరుకుదనం ఉంటుంది, మీటిన దెబ్బ తెలుస్తుంది. సోలో (గిటారు ఒక్కటే ముందుకొచ్చే భాగం) వచ్చినప్పుడు బ్యాండు గిటారిస్టు జాన్ నోరమ్ తీగను లాగి స్వరాన్ని పైకి జార్చడం గమనించండి. ఇక్కడో మెలిక ఉంది. సింథసైజర్‌కీ స్వరాన్ని వంచే చక్రం ఉంటుంది. కాబట్టి జారుడొక్కటి విని తీర్పు చెప్పకండి, గరుకు కూడా వినండి. నేను మొదట్లో చాలాసార్లు బోల్తాపడ్డది ఇక్కడే.

తర్వాత ‘క్యారీ’. మొదట్లో కీబోర్డూ గొంతూ తప్ప ఏమీ ఉండవు కాబట్టి ఇది సులువు. గిటారు ఏ క్షణంలో చేరిందో గడియారం చూసి రాసుకోండి. ‘రాక్ ద నైట్’లో గిటారుదే పెత్తనం. ఒక్కసారి వింటే చాలు.

ఇక ఎంచుకున్న కారణం. కీబోర్డుల జోరు పెరిగి గిటారు మరుగున పడుతోందన్న అసంతృప్తి నోరమ్‌కి ఉండేది. టైటిల్ పాట ఎన్నో దేశాల్లో నంబర్ వన్ అయిన ఆ ఏడాదే, 1986 చివర్లో, బ్యాండు వదిలేశాడు. ఆయన స్థానంలో కీ మార్సెల్లో వచ్చాడు. నోరమ్ మళ్లీ చేరడానికి 2003 దాకా పట్టింది. ఆయన బాధలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ఆ కీబోర్డు ట్యూన్ లేకపోతే ఈ ఆల్బమ్ మన దాకా వచ్చేదా అన్నది వేరే ప్రశ్న.

ఇంటిపని: ఆరో పాట ‘చెరోకీ’ మూడుసార్లు వినండి. మొదటిసారి కీబోర్డు, రెండోసారి గిటారు, మూడోసారి రెండూ. ఏది ముందుకొచ్చిందో, ఏది వెనక్కి తగ్గిందో కాగితం మీద గీతలుగా గీయండి. వచ్చే పాఠంలో ఇదే పాటతో జాన్ లెవెన్ వాయించిన బేస్ గిటారు (అడుగు స్వరాల గిటారు) పట్టుకుందాం. ఆ కాగితం పారేయకండి.